కమ్యూనిటీ అన్న చోట

ఆ కాలేజీలో పద్దెనిమిది స్విచ్‌లుంటే పదిహేడింటికి ఒకటే తాళం. స్విచ్ అంటే గోడమీది లైటు స్విచ్ కాదు. ఒక్కో బ్లాకులో ఉన్న కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కూడుకునే ఇనప పెట్టె. ఎక్కడో గదిలో కూర్చుని ఆ పెట్టెల మంచీచెడ్డా కనుక్కోవడానికీ, కావాలంటే ఏ వైరునైనా ఆపడానికీ ఎస్‌ఎన్‌ఎంపీ అని ఒక పద్ధతుంది. అందులో పాత రకానికి మనిషి పేరుతో పనిలేదు. ఒక్క మాట చెబితే చాలు, లోపలికి రానిస్తుంది. చూసి పోవడానికి ‘పబ్లిక్’ అనాలి, మార్చడానికి ‘ప్రైవేట్’ అనాలి. ఇవి పెట్టెను తయారుచేసినవాళ్లు పెట్టి పంపే మాటలు, లోకమంతటికీ తెలిసినవే. కొన్నవాళ్లు ఇంటికి తెచ్చుకోగానే మార్చుకోవాలి. హసన్‌పర్తి చెరువు దాటాక ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరూ మార్చుకోలేదు. తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఆ గొళ్లానికే వేలాడేసి పోయినట్టే లెక్క.

ఆ సంగతి మంగళవారం పొద్దున పదీ నలభైకి బయటపడింది. ఉద్యోగాలిస్తామని వచ్చిన కంపెనీవాళ్లు మూడు వందలమంది పిల్లలకి ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. సగంలో ఉండగా ల్యాబులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పదిహేడు పెట్టెల్లో వైర్లన్నీ మూసుకున్నాయి. లైబ్రరీలో ఉన్న పద్దెనిమిదోది మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చలైట్లు ఆడిస్తూ కూర్చుంది. కంపెనీవాళ్లు మధ్యాహ్నం భోజనమన్నా చేయకుండా కారెక్కి వెళ్లిపోయారు.

బుధవారం పద్మలత సుబేదారిలోని ఇంటినుంచి వచ్చేసరికి సెక్రటరీ గది బయట బెంచీ మీద ఎల్లస్వామి కూర్చుని ఉన్నాడు. కాలేజీ కట్టినప్పటినుంచీ అక్కడే పనిచేస్తున్న మనిషి. అటెండరుగా చేరి వైర్ల పని నేర్చుకున్నాడు, ఏ వైరు ఏ గోడలోంచి పోతుందో ఆయనకి తప్ప ఇంకొకరికి తెలియదు. యాభై ఏడేళ్లుంటాయి. ఒళ్లో అన్నం సంచి పెట్టుకుని, జేబులోంచి తీసిన జానెడు కేబుల్ ముక్కను విప్పి వేళ్లతో తీగలు సవరిస్తున్నాడు. తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం. పని ఉన్నా లేకున్నా ఆ వేళ్లు ఆ వరస తప్పవు.

“ఏంది కాకా, ఇక్కడ కూసున్నవ్?”

“తాళాలు గుంజుకున్నరు బిడ్డా. శుక్రవారం మీటింగ్ ఉన్నదట. అప్పటిదాంక లైబ్రరీ మెట్లు ఎక్కొద్దన్నరు.”

“ఎందుకట?”

“నేనే బంద్ చేసిన్నంట.” మళ్లీ తీగల వైపు చూశాడు. “తెల్లనీలం, పచ్చ” అని తనలో తాను అనుకున్నాడు.

పద్మలత ఆ కాలేజీలో నెట్‌వర్క్ అసిస్టెంటుగా చేరి ఎనిమిది నెలలైంది. చేరిన వారంలో ఆమె చేసిన మొదటి కేబుల్ పనిచేయకపోతే ఎవరికీ చెప్పకుండా కత్తిరించి మళ్లీ చేయించింది ఈ మనిషే. ఆమెకి ఒళ్లు మండింది. నేరుగా సిస్టమ్స్ ఇన్‌ఛార్జి సదానందం దగ్గరికి వెళ్లింది.

సదానందానికి రాత్రి నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. సెక్రటరీ చంద్రమౌళికి జవాబు చెప్పుకోవలసింది ఆయనే.

“నువ్వే చెప్పు పద్మలతా. పదిహేడు పడిపోయినయ్, ఒక్కటి నిలబడ్డది. నిలబడ్డదాని పక్కన ఎవరున్నరు? పదీ నలభైకి ఆ ర్యాక్ తలుపు తెరిచిపెట్టుకొని ఎవరున్నరు?”

“మంగళవారం మంగళవారం దుమ్ము తుడుస్తడు గద సార్.”

“తుడుస్తడు. మానిటరింగ్ పెట్టిన మూడేండ్ల సంది ఆ ఒక్క స్విచ్ నా స్క్రీన్ మీద ఎర్రగనే ఉంటది, మన పబ్లిక్ అన్న మాటకు పలుకది. పాస్‌వర్డ్ ఏందయ్యా అంటే యాదికి లేదంటడు. యాదికి లేకనా, చెప్పబుద్ధి కాకనా?”

“చేసినోళ్ల పేరు లాగ్‌ల ఉంటది కద సార్.”

“ఏం పేరు? ప్రైవేట్ అనుకుంట ఎవడో వచ్చిండు, పోర్టులు మూసిండు. గంతే రాసి ఉన్నది, ఏ కంప్యూటర్ నుంచో గూడ లేదు. ఆ మాట నాకు తెలుసు, నీకు తెలుసు, ఆయనకు తెలుసు.”

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంట్లోవాళ్లందరికీ ఒకటే పేరు పెట్టుకుంటే ఈశ్వరుడు మాత్రం ఏం చేస్తాడు పాపం? ఎవరో ఒకరిని చూపించాలి కాబట్టి ఉరుము ఉరిమి మంగళం మీద పడింది. మంగళానికి యూనియనూ లేదు, చదువూ లేదు.

“తీసేస్తరా సార్?” అంది పద్మలత.

“తీసేసుడుతోని అయిపోతే నయమే. పోలీస్ కంప్లయింట్ ఇయ్యాలె అంటాండు సెక్రటరీ సారు.”

గురువారం పొద్దున లైబ్రరీలో ప్రింటర్ చూడాలని చెప్పి పద్మలత తాళాలు అడిగింది. సదానందం ఫోన్లో ఉన్నాడు, చూడకుండానే ఇచ్చేశాడు.

లైబ్రరీ మొదటి అంతస్తులో, పాత పత్రికల బీరువాల వెనక ఉంటుంది ఆ స్విచ్ బిగించిన ర్యాక్. తలుపు తీయగానే ఆమెకి కాసేపు ఊరికే చూడాలనిపించింది. మిగతా బ్లాకుల్లో ర్యాక్ తెరిస్తే చిక్కుపడ్డ జుట్టులా మీద పడతాయి వైర్లు. ఇక్కడ ఒక్కో కేబుల్‌కీ దవాఖానలో కట్టుకి వేసే తెల్ల ప్లాస్టరు ముక్క చుట్టి, దాని మీద బాల్‌పెన్నుతో రాసి ఉంది. రీడింగ్ హాల్ మూడు. లైబ్రేరియన్ మేడం. జిరాక్స్. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో.

కింద కూర్చుని నీలం కన్సోల్ కేబుల్ ల్యాప్‌టాప్‌కి తగిలించింది. పెట్టె ఎదుటే కూర్చున్నవాళ్లు తిన్నగా మాట్లాడే దారి అది, దాని పాస్‌వర్డ్ ఇద్దరు ముగ్గురికి తెలుసు, సదానందానికీ తెలుసు గానీ మూడేళ్లలో ఆయన ఒక్కసారీ మెట్లెక్కి వచ్చి చూడలేదు. లాగ్ తెరిచింది. వరసలు వరసలుగా ఒకటే మాట, పక్కన వచ్చిన కంప్యూటర్ అడ్రసు నంబరు; రానిచ్చినవాళ్లది రాయకపోయినా కాదన్నవాళ్లది రాసిపెడుతుంది పెట్టె. ‘తప్పు మాట చెప్పారు, రానివ్వలేదు.’ అయిదు నిమిషాలకోసారి కాలేజీ మానిటరింగ్ కంప్యూటర్ వచ్చి పబ్లిక్ అంటుంది, ఈ పెట్టె కాదు పొమ్మంటుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ పొమ్మంటుంది. మూడేళ్లుగా సదానందం స్క్రీన్ మీద ఎర్రచుక్క అర్థం ఇదన్నమాట. పెట్టె చెడిపోలేదు. మాట కుదరలేదు, అంతే.

ఆమె వేలితో ఒక్కో వరసా కిందికి జరుపుకుంటూ పోయింది. సోమవారం. మంగళవారం ఎనిమిది, తొమ్మిది, పది. పదీ ముప్పై అయిదు, పాత అడ్రసే. ఆ తర్వాత పదీ నలభై రెండుసార్లు ఉంది. ఒకటి పాతది. రెండోది వేరే అడ్రసు. ‘తప్పు మాట చెప్పారు, రానివ్వలేదు.’

ఆ అడ్రసు ఆమెకి తెలుసు. సోమవారం సాయంత్రం సదానందం బల్ల కింద దూరి, కొత్త కంప్యూటర్‌కి కేబుల్ ఇచ్చి, ఆ నంబరు వేసింది తనే. సెక్రటరీకి చూపించి మెప్పించాలని నెల్లాళ్ల ట్రయల్ మీద ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఆ కంప్యూటర్‌ని తెప్పించాడాయన. ఎవరూ వాడని పోర్టులు, అంటే వైర్లు తగిలించే కన్నాలు, దొంగలు దూరకుండా తనంతట తానే మూసేస్తుందని ఎంతో సంబరంగా చెప్పాడు కూడా. అది రాత్రంతా కాలేజీని గమనించింది. రాత్రి కాలేజీలో ఎవరుంటారు? ఎవరూ ఏ పోర్టూ వాడటంలేదని తేల్చుకుంది. పొద్దున పదీ నలభైకి తలుపు తలుపుకీ వెళ్లి ప్రైవేట్ అంది. పదిహేడు తలుపులు తెరిచాయి. ఒక్క తలుపు నువ్వెవరివంది.

పద్మలతకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పద్దెనిమిదింటిలో తన పని తాను చేసింది ఇదొక్కటే. నేరం అంటగట్టింది కూడా దీనికే.

ఆ కొత్త కంప్యూటర్ కూడా చూద్దామంటే దాన్ని మంగళవారం సాయంత్రమే డబ్బాలో పెట్టి వెనక్కి పంపేశారు. కాబట్టి సాక్ష్యం ఈ వరస ఒక్కటే. దాన్ని ప్రింట్‌కి పెట్టి, ఇంతకీ ఈ పెట్టెకి ఏ మాట పెట్టారో చూద్దామని సెట్టింగులు తెరిచింది.

పేరు: లైబ్రరీ. స్థలం అన్నచోట ఎల్లస్వామి సొంతూరు, రఘునాథపల్లి గ్రామం, మండలం. సంప్రదించవలసిన వ్యక్తి: ఎల్లస్వామి, పక్కన పది అంకెల ఫోన్ నంబరు. ఆ కింద కమ్యూనిటీ. పాత ఎస్‌ఎన్‌ఎంపీలో ఆ పాస్‌వర్డ్‌కి పెట్టిన పేరు అదే, కమ్యూనిటీ. దాని ఎదురుగా అన్నీ పెద్ద ఇంగ్లిషు అక్షరాల్లో ఒక మాట.

ఆ మాటేమిటో ఇక్కడ రాయను. చదివేవాళ్లు ఊహించుకోగలరు. బడిలో చేరిన రోజునుంచీ మన దేశంలో ప్రతి ఫారంలోనూ పేరు తర్వాతో ఊరు తర్వాతో ఆ కాలమ్ ఉంటుంది, నింపకపోతే ఫారం వెనక్కి వస్తుంది.

పద్మలత తెర చప్పున మూసేసింది. ఎవరో బట్టలు మార్చుకుంటుంటే తలుపు తీసినట్టు అయింది ఆమెకి.

ఎల్లస్వామి కాలేజీ గేటు అవతల బస్టాప్‌లో కూర్చుని ఉన్నాడు. ఇంటికి వెళ్లడానికి మనసొప్పక, లోపలికి రానివ్వక, నిన్నటినుంచీ అక్కడే కూర్చుంటున్నాడట. ఆమె పక్కన కూర్చుని దొరికిన వరస సంగతంతా చెప్పింది. ఆయన ముఖంలో వెలుగు రావలసిందిపోయి రంగు పోయింది.

“పెట్టె లోపలికి పోయి చూసినవా బిడ్డా?”

“చూసిన కాకా.”

“చదివినవా?”

ఆమె తలూపింది.

ఎల్లస్వామి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “పదకొండేండ్ల ముచ్చట. బిగించ వచ్చిన ఇంజనీరు బస్సుకు టైమయితాందని సగంల లేచిండు. ఫోన్ల చెప్తా, నువ్వే నింపు, ఏం లేదు, నింపి ఎంటర్ కొట్టు అన్నడు. చూస్తే ఫారం లెక్కనే ఉన్నది. పేరు, ఊరు, ఎవలను కలువాలె, కమ్యూనిటీ. సార్, కమ్యూనిటీ ఏం రాయాలె అన్న. నీ ఇష్టం, అందరికి తెలిసేది వద్దు అన్నడు. అరే, అదేం మాట, ఉన్నది రాయాలె గాని ఇష్టం ఏంది అనుకున్న. ఉన్నది రాసిన.”

“తర్వాత తెలువలేదా?”

“నాలుగేండ్లకు తెలిసింది. హైదరాబాద్‌ల ట్రైనింగ్‌కు తోలిచ్చిండ్రు, ఆడ చెప్పిండ్రు కమ్యూనిటీ అంటే పాస్‌వర్డ్ అని. నాకు చెమటలు పట్టినయ్. వచ్చినంక మారుద్దామనుకున్న. మార్చాలంటే పెద్దసారుకు పాతది చెప్పాలె కద. ఏం పెట్టినవ్ అంటడు. ఏమని చెప్పుదు?” తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. “సదానందం సారు అడిగినప్పుడు యాదికి లేదన్న. అది తప్పే. అబద్ధమాడిన.”

“ఇప్పుడు చెప్దాం కాకా. ఈ కాగితం ఒక్కటి సాలు, నీ మీద మచ్చ పోతది.”

“కాగితం సూపెడితే, గా ఒక్క స్విచ్చే ఎందుకు రానియ్యలే అంటరు. దాని మాట వేరే అంటవు. ఏంది గా మాట అంటరు. నలుగురి ముంగట అడుగుతరు బిడ్డా.” గొంతు తగ్గించాడు. “లైబ్రరీకొచ్చే పిల్లలు నన్ను కాకా అంటరు. రేపటి సంది నన్ను చూస్తే ఏం యాదికొస్తది వాళ్లకు? మిషన్ల కులం రాసినోడని నవ్వుకుంటరు. నౌకరి పోతే పోనియ్. ఈ ముచ్చట మాత్రం తియ్యకు.”

“పోలీసులంటున్నరు కాకా.”

“రానియ్” అన్నాడు. కానీ సంచి మూతి ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు.

పద్మలత ఆ రోజంతా మథనపడింది. చెబితే ఆయన మాట జవదాటినట్టు, చెప్పకపోతే చూస్తూ చూస్తూ నిర్దోషిని బావిలోకి తోసినట్టు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. ఏమీ తేలకుండానే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని శుక్రవారం మీటింగుకి వెళ్లింది.

సెక్రటరీ గదిలో ఆరుగురున్నారు. చంద్రమౌళి బల్ల వెనక, పక్కన ఇద్దరు హెచ్‌ఓడీలు, మినిట్స్ రాసే క్లర్కు, సదానందం, పద్మలత. ఎల్లస్వామిని పిలిచారు. కుర్చీ ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోమనలేదు, ఆయన గోడ పక్కన నిలబడ్డాడు.

చంద్రమౌళి చెడ్డవాడేం కాదు. తొందరెక్కువ. “ఎందుకు చేసినవయ్యా? ఎవడన్న చెప్పిండా?”

“నేను చెయ్యలే సార్.”

“మరి ఎవరు చేసిన్రు?”

“నాకు తెల్వది సార్.”

“తెల్వది, యాదికి లేదు. రెండే మాటలొస్తయా నీకు?” అని క్లర్కు వైపు తిరిగాడు. “రాయి. సంతృప్తికరమైన సమాధానం ఇవ్వలేదు.”

క్లర్కు పెన్ను కదలడం చూసి పద్మలత చెయ్యి దానంతట అదే బ్యాగులోకి వెళ్లింది. కాగితం తీసి బల్లమీద పరిచింది. ఎల్లస్వామి వైపు చూడటానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

“సార్, ఇది లైబ్రరీ స్విచ్ లాగ్. పదీ నలభైకి ఈ అడ్రస్ నుంచి వచ్చిన్రు. అది రానియ్యలే. మిగిలిన పదిహేడు రానిచ్చినయ్.”

“ఈ అడ్రస్ ఎవరిది?”

పద్మలత నోరు విప్పేలోపే సదానందం కాగితం మీదికి వంగాడు. ఆ నంబరు చూసి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎప్పుడూ వినడమే గానీ ఆమె కళ్లారా చూడటం అదే మొదలు. మూడు రోజులుగా ఆ అనుమానం ఆయన్ని లోలోపల తొలుస్తూనే ఉండి ఉండాలి.

“అది… మనం ట్రయల్ పెట్టిన కంప్యూటర్ సార్. అయి ఉండొచ్చు” అన్నాడు. వెంటనే, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు, “కాని సార్, లైబ్రరీది ఎందుకు రానియ్యలే? దానికి పాస్‌వర్డ్ వేరే ఉన్నది. అది ఎవరికీ చెప్పకుండ ఎందుకు దాచిండు? ముందుగాల అది తేలాలె” అన్నాడు.

అందరూ గోడవైపు తిరిగారు. ఎల్లస్వామి ఒకసారి పద్మలత వైపు చూశాడు. ఆ చూపులో ఆమె భయపడినంత కోపం లేదు, అలసట ఉంది.

“యాదికి ఉన్నది సార్. లేదని అబద్ధం చెప్పిన” అన్నాడు. “బిగించిననాడు నాకు తెల్వక ఫారం అనుకున్న. కమ్యూనిటీ అని ఉంటే, అన్ని ఫారాలల్ల రాసినట్టే రాసిన.”

గదిలో ఒక్క క్షణం ఎవరికీ ఎక్కలేదు. ముందు క్లర్కుకి ఎక్కింది. పెన్ను ఆపి పెదవి కొరుక్కుని తల వంచుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి. హెచ్‌ఓడీల్లో ఒకాయన దగ్గు తెచ్చుకున్నాడు. చంద్రమౌళి కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన ముఖంలో కోపం పోయి కుతూహలం వచ్చింది, అది ఇంకా అన్యాయం.

“అంటే? ఏం రాసినవ్? చెప్పు, ఏం రాసినవో.”

ఎల్లస్వామి నోరు తెరిచాడు.

“చెప్పొద్దు కాకా” అంది పద్మలత. సెక్రటరీ గదిలో ఆ మాట అలా ఎవరూ అనరు. ఆమె లేచి నిలబడింది. “సార్, అది ఇంక మార్చలే. నడుస్తున్న పాస్‌వర్డ్. పద్దెనిమిదింట్ల అదొక్కటే ఎవరికీ తెల్వని పాస్‌వర్డ్. నలుగురి ముంగట చెప్పించొద్దు సార్, మినిట్స్‌ల రాయించొద్దు. నంబరున్న కాగితం చాలు.”

“మనలో మనకేందమ్మా?” అన్నాడు చంద్రమౌళి, ఇంకా నవ్వుతూనే. “సదానందం, నువ్వు చెప్పు. అడగొద్దా?”

సదానందం కాగితం వైపే చూస్తున్నాడు. ఆయన అడగమంటే అడుగుతారు. అడిగితే గది నవ్వుతుంది, ఆ నవ్వులో ఆయన కంప్యూటర్ సంగతి కొట్టుకుపోతుంది కూడా. పద్మలతకి అది తెలుసు, ఆయనకీ తెలుసు. క్లర్కు పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు.

“అడగొద్దు సార్” అన్నాడు సదానందం చివరికి. “పాస్‌వర్డ్ ఎవరినీ అడగొద్దు, అది రూలు. బంద్ అయింది నా ట్రయల్ తోనే. పదిహేడింటికి కంపెనీ మాటలే ఉంచింది కూడా నేనే. గదే రాయుమనుండ్రి.”

పద్మలతకి ఆయన మీదున్న కోపం అంతా పోలేదు గానీ సగానికి పైగా చల్లారింది. చంద్రమౌళి కాసేపు బల్లమీద వేళ్లు ఆడించి, ఖాళీ కుర్చీ చూపించి “కూసో ఎల్లస్వామి” అన్నాడు. ఆయన కూర్చోలేదు. తాళాలు అడిగాడు.

సోమవారం నుంచి స్విచ్‌లన్నిటికీ మనిషి పేరు కూడా అడిగే ఎస్‌ఎన్‌ఎంపీ మూడో రకం పెట్టడం మొదలుపెట్టారు. సదానందం మెమో అందుకున్నాడు, ట్రయల్ ఊసు ఎత్తడం మానేశాడు, పద్మలతతో పాటు తనూ ర్యాకుల ముందు కింద కూర్చుని పనిచేశాడు. ఎవరెవరికి పేర్లు పెట్టాలని ఆమె అడిగితే, “నీకు, నాకు” అని ఆగి, “ఆయనకు గూడ పెట్టు. మార్చే అధికారం గూడ ఇయ్యి” అన్నాడు.

లైబ్రరీ స్విచ్ దగ్గరికి వచ్చేసరికి బుధవారమైంది. ఎల్లస్వామి ర్యాక్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పద్మలత పాత కమ్యూనిటీని తుడిచేసింది. ఒక్క మీట నొక్కితే పదకొండేళ్ల మాట పోయింది. ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

“దీంట్ల ఏమేం రాయాలె బిడ్డా?”

“పేరు రాయాలె. అది నేను రాసిన, చూడు, ఎల్లస్వామి. పాస్‌వర్డులు రెండు ఉంటయ్. ఒకటి, వచ్చింది నువ్వే అని గుర్తుపట్టటానికి. రెండోది, నువ్వు చెప్పేది దారిల ఎవ్వరికీ వినబడకుండ. ఎనిమిది అక్షరాలకు తక్కువ ఉండొద్దు.”

“ఇంకేం అడుగదా?”

“ఇంకేం అడుగది.”

ఎల్లస్వామి ల్యాప్‌టాప్ ఒళ్లోకి తీసుకున్నాడు. చూపుడువేలు అక్షరాల మీద గాల్లో తిరిగింది. అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు ఆగి ఆమె ముఖంలోకి చూశాడు.

“అటు తిరుగు బిడ్డా.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. వెనక మీటలు ఒక్కొక్కటే చప్పుడు చేస్తున్నాయి. ఎనిమిది దాటాయి, పది దాటాయి, పన్నెండు దగ్గర ఆగాయి.

“ఇంకోసారి కొట్టమంటాంది.”

“అదే కొట్టు కాకా. యాదికి ఉన్నదా లేదా చూస్తది.”

“యాదికి ఉంటది” అన్నాడాయన. రెండోసారి కొట్టేటప్పుడు వేలు ఎక్కడా తడబడలేదు.